ముప్పై గళ్ళ పటం

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో నాకిచ్చింది సగం గది.
మిగతా సగం విరిగిన మంచాలది.
గోడ మీద ఒడియాలో ఒక హెచ్చరిక,
దాని కింద పెన్సిలుతో ఎవరో తెలుగులో
"ఈ డాక్టరు మంచోడు" అని రాసి కొట్టేశారు.

శిక్షణలో చెప్పారు,
మాటకి కదలనివాళ్ళని ఆటతో కదపండని.
మెట్టు, మార్కు, నక్షత్రం, చిన్న బహుమతి.
అట్టముక్క మీద ముప్పై గళ్ళు గీశాను.
తాగని రోజుకి ఒక గడి.
ఏడులో నిచ్చెన.
తాగితే పాము, తిన్నగా ఒకటికి.
బంగారు రంగు నక్షత్రాలు మాత్రం
నా డబ్బుతోనే కొన్నాను, పది రూపాయలకి వంద.

కూర్మయ్య వచ్చాడు.
వచ్చాడనేం, దాలమ్మ లాక్కొచ్చింది.
కొమ్ము పనివాడు. గేదె కొమ్ముకి సెగ చూపించి
మెల్లగా, మెల్లగా వంచి
మెడ విరక్కుండా కొంగని చేసేవాడట.
ఇప్పుడు ఇంట్లో అటక నిండా
మెడల్లేని కొంగలు.

పటం చూసి నవ్వాడు.
"బడిపిల్లలకిచ్చీయమ్మా ఇది."
అయినా నక్షత్రం అందుకున్నాడు,
నాలిక మీద తడి చేసి వంకరగా అంటించాడు.
మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు ఇంకోటి.
పాణిగ్రాహి డాక్టరు గుమ్మంలోంచి చూసి
భుజం తట్టినట్టు తలూపాడు నాకు.
ఆ రాత్రి నేనూ నిద్రలో గళ్ళు లెక్కపెట్టుకున్నాను.

పన్నెండు నక్షత్రాలయ్యాక
దాలమ్మ ఒక్కర్తే వచ్చింది.
కొంగు మడత విప్పుతూ, మళ్ళీ వేస్తూ అంది:
"నాలుగే నిజం తల్లీ.
కడమవన్నీ, నీ మొహం సిన్నబోతాదని."

ఎండ సన్షేడు దాటింది.
గుణుపురం రైలు కూత వినిపించి ఆగిపోయింది.
నేను అతని కోసం గీసిన పటంలో
అతను నా కోసం ఆడుతున్నాడు.

బేస్తవారం కూర్మయ్య కూర్చున్నాక
ఏమీ అడగలేదు.
కొత్త అట్ట, స్కెచ్ పెన్ను అతని వైపు జరిపాను.
చాలాసేపు ముట్టుకోలేదు.
తర్వాత గీశాడు, చెయ్యి వణికినచోట గీత కూడా వణికి.
శనివారం ఒక పాము, ఆ రోజు బరంపురం సేటు
లెక్క తేల్చి డబ్బులిస్తాడు.
వాన ఒక పాము.
బావమరిది గొనప రెండు తలల పాము.
ఏ పామూ ఒకటి దాకా దిగలేదు.
మూడు గళ్ళు, మహా అయితే నాలుగు.

"ఇంత తక్కువా?" అన్నాను.
"పాము మింగీసినంత మాత్రాన
ఎక్కిన మెట్లు ఎక్కనట్టేనేటి?
కాళ్ళకి తెల్దా?"

నిచ్చెనలేవన్నాను.
"వొద్దు. బేగి వంచితే ఇరిగిపోద్ది."

మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంచాడు.
అది కూకునే గడట.
అక్కడ ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు,
గెలవక్కర్లేదు, నాకు చెప్పక్కర్లేదు.
నా శిక్షణ పుస్తకంలో ఆ గడి లేదు.

పెన్ను మూత పెట్టి అడిగాడు:
"మరి నీ కాయేదమ్మా?"

రోగికీ మనకీ మధ్య బల్ల ఉండాలని
అదీ శిక్షణలోనే చెప్పారు.
నా జాకెట్టు హుక్కు ఊడి బ్యాగులో ఉంది, తీసి పెట్టాను.
పిల్లాడి మీద చెయ్యి చేసుకోని రోజుకి ఒక గడి, అన్నాను.
అతను అయ్యో అనలేదు.
ఛ అనలేదు.
హుక్కుని ఒకటో గడిలోకి వేలితో సరిచేశాడు, అంతే.
ఆరేళ్ళుగా నేను చెయ్యాలనుకుంటున్న పని అదే.

నక్షత్రాలు ఎనభై ఎనిమిది మిగిలాయి.
సొరుగులో ఉన్నాయి, చీమలు ఆ జిగురుకి పట్టాయి.

కూర్మయ్య తన కాయ తనే తెచ్చుకున్నాడు,
కాలిన కొమ్ము వాసన వేస్తున్న ఒక ముక్క.
"కొంగా?" అన్నాను.
"ఇంకా ఏటీ కాదు."

అతను పదకొండులో ఉన్నాడు.
మొన్న జారి, నేను అయిదులో.
ఇవాళ శుక్రవారం.
మహేంద్రతనయ మీద మబ్బు పట్టింది.